చెట్టుకు కంచె పడింది, మనిషికి కూర్చునే చోటు పోయింది

మా పట్టణ మున్సిపల్ కమిషనర్ గారికి, పాలకవర్గ సభ్యులకు, పట్టణ ప్రణాళిక విభాగం అధికారులకు ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. వానాకాలం వస్తే మోకాళ్ళలోతు నీళ్ళు నిలిచే బస్టాండు రోడ్డుకు మీరు మోరీలు కట్టించారు. చీకట్లో నడిచే గల్లీల్లో లైట్లు పెట్టించారు. అందుకు మా వాడకట్టు తరఫున కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

మా చౌరస్తాలో వేపచెట్టు చుట్టూ ఒక గద్దె ఉండేది. పోయిన ఎండాకాలం జంక్షన్ సుందరీకరణ పనుల్లో దాన్ని పగలగొట్టారు. చెట్టును కొట్టలేదు, ఆ మేలు మరచిపోను. కానీ దాని చుట్టూ నడుము ఎత్తున ఇనుప కంచె వేశారు. కంచె లోపల గడ్డి, రంగురంగుల లైట్లు, ఊరి పేరుతో ‘ఐ లవ్’ అని పెద్ద అక్షరాల బోర్డు. నీడ అక్కడే ఉంది. ఆ నీడలోకి మనిషి పోయే దారి లేదు.

గద్దె మళ్ళీ కట్టించమని మూడుసార్లు దరఖాస్తు పెట్టాను. మొదటిది మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. రెండోది కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాను, టోకెన్ నంబరు చేతికొచ్చింది. మూడోది పోస్టులో పంపాను, అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. ముద్ర, టోకెను, కార్డు మూడూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కటీ లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఊరి పేరు, అధికారుల పేర్లు కావాలనే రాయలేదు. ఒకరిని వేలెత్తి చూపడానికి కాదు ఈ లేఖ. 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయిన చిన్న ఊళ్ళలో మాది ఒకటి. అలాంటి ఊళ్ళలో ఇంకెన్నో గద్దెలు ఇదే వరుసలో పోతున్నాయి.

నేను ఈ ఊళ్ళో 34 ఏళ్ళు ఉత్తరాలు పంచాను. ఎవరి ఇల్లు ఎక్కడో తెలియడం మా ఉద్యోగంలో సగమే. ఎవరు ఏ వేళకు ఎక్కడ దొరుకుతారో తెలియడం మిగతా సగం. పొద్దున పది దాటితే మా వాడలో ఇళ్ళకు తాళాలే. సగం మంది ఆ గద్దె దగ్గర దొరికేవాళ్ళు. మనియార్డర్లు అక్కడే వేలిముద్ర వేయించుకొని ఇచ్చేవాణ్ణి. మా జిల్లా నుంచి ఇంటికొకరు దుబాయికో, మస్కట్‌కో, దమ్మామ్‌కో పోయినవాళ్ళే. వాళ్ళ ఉత్తరాలు వస్తే చదువురాని తల్లులు కవరు చింపకుండా తెచ్చి, ‘చదివి చెప్పు బిడ్డా’ అని నా చేతిలో పెట్టి గద్దె మీద కూర్చునేవాళ్ళు. మంచి కబురైతే నలుగురిలో గట్టిగా చదివేవాణ్ణి. చెడు కబురైతే గొంతు తగ్గించి, ‘ఇంటికి పోయి చదువుకుందాం అవ్వా’ అనేవాణ్ణి. ఆ మాటతోనే పక్కనున్నవాళ్ళకు అర్థమయ్యేది. ఎవరో ఒకరు లేచి ఆ తల్లి వెంట నడిచేవాళ్ళు.

ఒక్క చెట్టు కింది సిమెంటు గద్దెకు ఇంత లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. మీ లెక్కల్లో అది ‘ఆక్రమణ’, మూడు నాలుగు గజాల జాగా. మా వాడకట్టులో అది పోవడం వల్ల ఏమైందో నా కళ్ళతో చూసినంత వరకు రాస్తాను.

1. ముసలివాళ్ళు నడవడం మానేశారు.

బస్టాండు నుంచి సర్కారు దవాఖానకు కిలోమీటరు పైనే ఉంటుంది. మోకాళ్ళు అరిగిన మనిషి అంత దూరం ఒక్క ఊపులో నడవలేడు. సగం దూరంలో గద్దె ఉండేది. అక్కడ కూర్చుని, ఊపిరి తీసుకొని, పక్కనున్న కుండలో నీళ్ళు తాగి, మళ్ళీ లేచేవాళ్ళు. ఇప్పుడు ఆ దారి పొడవునా కూర్చోవడానికి ఒక్క చోటు లేదు. డివైడర్ మీద మొక్కలున్నాయి. షాపుల ముందు మెట్లకు కూర్చోకుండా ఇనుప చువ్వలు దించారు.

పోయిన నెల ఒక అవ్వను చూశాను. బీపీ గోలీల కోసం దవాఖానకు పోయి వస్తోంది. ఎడమ చేతిలో గోలీల కవరు, కుడి చేతిలో కట్టె. అలవాటు కొద్దీ చెట్టు దగ్గరికి వచ్చింది, కంచె చూసి ఆగింది. ఆ కంచె పైకమ్మిని పట్టుకొని, నుదురు చేతి మీద ఆనించి, నిలబడే కాసేపు కునుకు తీసింది. లోపల నీడ పడుతోంది. ఆమె నిలబడ్డచోట ఎండ. నేను కిరాణం దుకాణం నుంచి ఒక స్టూలు తెచ్చి వేస్తే కూర్చుని, ‘గిట్ల ఎందుకు చేసిండ్రు కొడుకా, మేమేం పాడు చేసినం’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీకు చేరవేస్తున్నాను. ఉత్తరం చేరవేయడం నా పని.

ఇప్పుడు ఆమె నెలనెలా ఆటోకు డబ్బులు పెడుతోంది. ఆటో డబ్బులు లేని నెల గోలీలు లేవు. బీపీ గోలీలు ఆపితే ఏమవుతుందో దవాఖాన వాళ్ళను అడిగితే చెప్తారు.

2. మనిషి కనబడకపోతే అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

మా వాడలో కొడుకులు గల్ఫ్‌లో, కోడళ్ళు హైదరాబాద్‌లో, ముసలివాళ్ళు ఒంటరిగా ఇళ్ళలో ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. గద్దె ఉన్నప్పుడు వీళ్ళకు పొద్దున హాజరు పలికినట్టే ఉండేది. ‘ఇయ్యాల పెద్దాయన రాలే, పానం మంచిగ లేదా ఏంది?’ అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. నాలుగేళ్ళ కింద ఒకాయన రెండు పూటలు గద్దె దగ్గరికి రాలేదు. రెండో పూట ఛాయ్ అయ్యాక ఇద్దరు లేచి ఇంటికి పోయి తలుపు కొట్టారు. బాత్రూమ్‌లో జారిపడి లేవలేక ఉన్నాడు. తలుపు పగలగొట్టి దవాఖానకు తీసుకుపోయారు. తుంటి ఎముక విరిగింది కానీ మనిషి బతికాడు. ఇప్పటికీ నడుస్తున్నాడు.

ఈ యేడు చలికాలం, గద్దె పోయిన తర్వాత, అదే గల్లీలో ఇంకొకాయన పోయాడు. దమ్మామ్‌లో ఉన్న కొడుకు వరసగా ఫోన్లు చేసి, ఎత్తకపోతే పక్కింటివాళ్ళకు చేస్తే, అప్పుడు తెలిసింది. అప్పటికి రెండు రోజులైంది. గద్దె ఉంటే ఆయన బతికేవాడని నేను చెప్పలేను, అంత మాట అనడం న్యాయం కాదు. కానీ రెండు రోజులు తెలియకుండా ఉండేది కాదు. ఈ మాట మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

ఒంటరితనం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానికి ముడిపడిన మరణాలు ఏడాదికి 8 లక్షల 71 వేలని అంచనా కట్టింది. అంటే గంటకు సుమారు వంద మంది. ఇది చదివాక నాకు గుర్తొచ్చింది ఆ పెద్దాయన ఇంటి ముందు పేరుకున్న పాల ప్యాకెట్లు. ఒకటి కాదు, రెండు. పాలబ్బాయి చూశాడు, తొందరలో ఉండి పెట్టి పోయాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టను. కనిపెట్టుకొని ఉండడానికి తీరిక ఉన్నవాళ్ళు ఒక చోట కూర్చుంటేనే ఆ పని జరుగుతుంది.

3. బీడీలు చేసే ఆడవాళ్ళు ఇళ్ళలో బందీ అయ్యారు.

ఈ సంగతి దరఖాస్తుల్లో ఎప్పుడూ రాయరు కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను. పొద్దున గద్దె మగవాళ్ళది. పేపరు, ఛాయ్, రాజకీయాలు. పదకొండు దాటాక మగవాళ్ళు పోతే అది ఆడవాళ్ళది అయ్యేది. చాటలు ఒళ్ళో పెట్టుకొని పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చునేవాళ్ళు. తునికాకు రాత్రే నానబెట్టి, కత్తిరించి తెచ్చుకునేవాళ్ళు. ఇక ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. చేతులు వాటి దారిన అవి తిరుగుతుండేవి, కళ్ళు రోడ్డు మీద, నోట్లో ముచ్చట. ఆ చేతుల వేగం చూసిన ఎవరూ ఆ గద్దెను పనిలేనివాళ్ళు కూర్చునే చోటు అనరు.

అక్కడ పనితో పాటు జరిగేవి వేరే ఉన్నాయి. ఖార్ఖానాలో ఈసారి ఆకు తక్కువ తూచారని ఒకామె అంటే, ‘నాకూ తక్కువే వచ్చింది’ అని ఇంకో ఇద్దరు అనేవాళ్ళు. ముగ్గురూ కలిసి పోయి అడిగేవాళ్ళు. పీఎఫ్ ఫారంలో పేరు తప్పు పడిందని తెలిసేది అక్కడే. కోడలిని కొట్టిన కొడుకు సంగతి బయటపడి, పెద్దామె ఒకతి పోయి వాణ్ణి నిలదీసేదీ అక్కడి నుంచే. ఇప్పుడు ఎవరి చాట వాళ్ళ ఇంట్లో ఉంది. గాలి ఆడని గదిలో తంబాకు దుమ్ము మధ్య పది గంటలు. ఆకు తక్కువ తూచినా అది తనకొక్కదానికే జరిగిందనుకొని ఊరుకుంటున్నారు.

మీరు అడగవచ్చు, పార్కు కట్టించాం కదా, అక్కడ కూర్చోవచ్చు కదా అని. పార్కు మధ్యాహ్నం మూసి ఉంటుంది. పొద్దున నడకకు వచ్చేవాళ్ళకు, సాయంత్రం పిల్లలతో వచ్చేవాళ్ళకు తెరుస్తారు. టికెట్ పది రూపాయలు. రోజంతా బీడీలు చుట్టే ఆడమనిషికి పది రూపాయలంటే ఎంత పనో లెక్క వేసి చూడండి. పైగా చాటతో లోపలికి రానివ్వరు. ఓపెన్ జిమ్ బాగుంది, పిల్లలు ఇష్టపడుతున్నారు, దాన్ని తప్పు పట్టను. కానీ పార్కు గద్దెకు బదులు కాదు. పార్కుకు పని కట్టుకొని పోవాలి. గద్దె దారిలో తగిలేది.

4. కూలీల అడ్డా చెదిరిపోయింది.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ చెట్టు కిందే కూలీలు పని కోసం నిలబడేవాళ్ళు. మేస్త్రీలకు చోటు తెలుసు, కూలీలకు చోటు తెలుసు. కంచె పడ్డాక వాళ్ళు మొదట పెట్రోల్ బంకు ముందుకు పోయారు, బంకువాళ్ళు వద్దన్నారు. బ్యాంకు ముందుకు పోయారు, అక్కడ బండ్లు ఆపడానికి జాగా లేదని తరిమారు. ఇప్పుడు మూడు చోట్ల చీలి నిలబడుతున్నారు. మేస్త్రీ మొదటి చోటికే వచ్చి ఎవరు దొరికితే వాళ్ళను ఎక్కించుకొని పోతున్నాడు. మిగతావాళ్ళు టిఫిన్ డబ్బా అట్లే ఇంటికి తీసుకుపోతున్నారు. కలిసి నిలబడ్డప్పుడు ‘ఇంతకు తక్కువైతే రాం’ అని ఒక మాట మీద ఉండేవాళ్ళు. చీలాక ఆ మాట నిలవడం లేదు.

5. ఛాయ్ బండి, పండ్ల గంప, చెప్పులు కుట్టేవాడు.

గద్దె పోయినప్పుడే వీళ్ళనూ లేపేశారు. ముందుగా కాగితం ఇవ్వలేదు, పొద్దున వచ్చి చెప్పి మధ్యాహ్నానికి ఖాళీ చేయించారు. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం విక్రేతల సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. లేపాల్సి వస్తే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి విక్రేతల సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మందికి తక్కువ కాకుండా విక్రేతలే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. చెప్పులు కుట్టే ఆయన ఇప్పుడు మా ఇంటి గోడ పక్కన కూర్చుంటున్నాడు. నేనే రమ్మన్నాను. కానీ లోపలి గల్లీలో ఆయన ఉన్నట్టు ఎవరికి తెలుసు?

6. చిన్న తగవు పెద్దదవుతోంది.

మోరీ నీళ్ళు, గోడ హద్దు, పిల్లల కొట్లాట లాంటివి గద్దె దగ్గరే తేలిపోయేవి. ఇప్పుడు పోలీస్ స్టేషన్‌కు పోతున్నాయి. ఇంతకంటే ఎక్కువ రాయను, మీకూ తెలుసు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ గద్దె మొదటి నుంచీ అందరిదీ కాదు. నా చిన్నప్పుడు దాని మీద కూర్చునేవాళ్ళు వేరు, కింద మట్టిలో కూర్చునేవాళ్ళు వేరు. మా నాయన కిందే కూర్చునేవాడు. చెప్పులు చేతిలో పట్టుకొని ఆ చెట్టు దాటేవాడు. నేను ఉద్యోగంలో చేరి, ఖాకీ బట్టలతో మొదటిసారి ఆ గద్దె మీద సంచీ దించి కూర్చున్నప్పుడు ఒకరిద్దరు లేచి పోయారు. మిగతావాళ్ళు జరిగి చోటిచ్చారు. తర్వాత మా వాడ పిల్లలు కూర్చున్నారు. ఆ తర్వాత ఆడవాళ్ళు చాటలతో వచ్చారు. ఎవరూ ఊరికే ఇవ్వలేదు, ఒక్కొక్కరు కూర్చుని సంపాదించుకున్నదే. అది నిజంగా అందరిదీ కావడానికి నా జీవితమంతా పట్టింది. అందరిదీ అయ్యాక పగలగొట్టారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పాత రోజులు తిరిగి రావాలని నేను అడగడం లేదు. పాత రోజులు మాకు మంచివి కావు. నేను అడుగుతున్నది మొన్నమొన్నటి రోజుల గురించి.

గద్దె తీసేయడానికి నోటిమాటగా మీ సిబ్బంది చెప్పిన కారణాలు మూడు. వాటికీ జవాబు చెప్పడం నా బాధ్యత.

ట్రాఫిక్‌కు అడ్డం అన్నారు. రోడ్డు వెడల్పు కావాల్సిన మాట నిజమే, లారీలు పెరిగాయి. కానీ గద్దె ఉన్నచోట ఇప్పుడు రోడ్డు పడలేదు. కంచె, బోర్డు పడ్డాయి. నేను టేపుతో కొలిచాను. కంచె పాత గద్దె కంటే ఒక జానెడు బయటికే ఉంది.

రాత్రిళ్ళు తాగుబోతులు చేరుతున్నారన్నారు. ఇదీ నిజమే. మా ఆడవాళ్ళే ముందు ఫిర్యాదు చేశారు. దానికి మందు రాత్రి పూట లైటు, పోలీసు గస్తీ. తాగినవాళ్ళు ఇప్పుడు బడి గోడ పక్కకు చేరారు. పగటి పూట కూర్చునే అవ్వలు మాత్రం ఎక్కడికీ చేరలేకపోయారు.

ఊరు అందంగా ఉండాలన్నారు. ఉండాలి, ఎవరు కాదన్నారు? సాయంత్రం పిల్లలు ఆ బోర్డు ముందు ఫోటోలు దిగుతుంటే నాకూ ముచ్చటగానే ఉంటుంది. బోర్డును తీయమని అడగడం లేదు. కొంచెం జరపమంటున్నాను.

ఇంకో సంగతి. చెట్టు మొదలు దాకా సిమెంటు పోశారు. వేరుకు నీళ్ళు దిగే దారి లేదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన దగ్గర పోయిన గాలివానకు ఒక కొమ్మ విరిగి కంచె మీద పడింది. ఈ చెట్టు పోతే గద్దె అడగడానికి నేనూ రాను.

చట్టం గురించి నాకు తెలిసింది కొంచెమే, మనవరాలు చదివి చెప్తే రాసుకున్నాను. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వయోవృద్ధులకు ఒకటి, ప్రముఖ పౌరులకు ఒకటి. ఒక్కోదాంట్లో పదిహేను మంది. అంటే మా వార్డులో అరవై మందిని అడిగే ఏర్పాటు చట్టంలోనే ఉంది. గద్దె పగలగొట్టే ముందు ఆ అరవై మందిలో ఎవరినైనా అడిగారా? అడిగి ఉంటే ఆ తీర్మానం కాపీ ఇప్పించండి. నా దరఖాస్తు అక్కడితో ఆపేస్తాను. పార్కులు, తోటలు, ఆటస్థలాల్లాంటి సౌకర్యాలు కల్పించడం పట్టణ సంస్థల పనుల్లో ఒకటని 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్ చెబుతోంది. బెంగళూరులో పార్కు కోసం వదిలిన జాగాను ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. నలుగురి కోసం వదిలిన చోటు నలుగురిదిగానే ఉండాలన్నది ఆ తీర్పు సారం అని నాకు అర్థమైంది.

కూర్చునే చోటు అడగడం వింత కోరిక కూడా కాదు. వయసు మళ్ళినవాళ్ళకు అనుకూలమైన నగరాలు ఎలా ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక మార్గదర్శి వేసింది. దాని కోసం ముసలివాళ్ళతో మాట్లాడిన నగరాల్లో మన ఢిల్లీ, ఉదయ్‌పూర్ ఉన్నాయి. అందులో మొదట మాట్లాడిందే ఆరుబయట చోట్ల గురించి. నడిచే దారిలో కూర్చోవడానికి బెంచీలు ఉండాలని అక్కడివాళ్ళూ అడిగారు.

లైబ్రరీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మేము కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది. మా శాఖా గ్రంథాలయంలో ఇప్పుడు పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీలన్నీ నింపేస్తున్నారు. చదువుకోనీ, వాళ్ళకూ వేరే చోటు లేదు. వాళ్ళను చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. కానీ పేపరు చదవడానికి వచ్చే పెద్దవాళ్ళు వరండాలో నిలబడి చదువుతున్నారు. వరండాలో రెండు బెంచీలు వేస్తే సరిపోతుంది.

మేము అడుగుతున్నవి ఇవి.

1. వేపచెట్టు చుట్టూ గద్దె తిరిగి కట్టించండి. ఒకటిన్నర అడుగు ఎత్తు చాలు, అంతకంటే ఎక్కువైతే అవ్వలు ఎక్కలేరు. లేవడానికి పట్టుకునేలా రెండు చోట్ల కమ్మీ పెట్టండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు పక్కన ఆగేంత చదును జాగా వదలండి. చెట్టు మొదట్లో మీటరు మేర సిమెంటు తీసి మట్టి వదలండి. కంచె కమ్మీలు వృథా కానక్కర్లేదు, లేవడానికి పట్టుకునే కమ్మీలు వాటితోనే చేయవచ్చు.

2. బస్టాండు నుంచి దవాఖాన దాకా రెండు మూడు వందల మీటర్లకు ఒక బెంచీ వేయండి. నీడ ఉన్న చోట వేయండి. ఎండలో వేసిన ఇనుప బెంచీ మే నెలలో ఎవరికీ పనికిరాదు. మా జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటుతుందని మీకు చెప్పనక్కర్లేదు.

3. పార్కు మధ్యాహ్నం తెరిచి ఉంచండి. అరవై దాటినవాళ్ళకు, పని చేసుకుంటూ కూర్చునే ఆడవాళ్ళకు, పిల్లలకు టికెట్ తీసేయండి.

4. కూలీల అడ్డాకు ఒకే చోటు రాసి ఇవ్వండి. పైన రేకులు, తాగడానికి నీళ్ళు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి. వాళ్ళతో మాట్లాడాకే చోటు ఖాయం చేయండి, ఊరి బయట ఇస్తే మేస్త్రీలు రారు.

5. లేపేసిన ఛాయ్ బండి, పండ్ల గంప, చెప్పులు కుట్టేవాళ్ళ పేర్లు సర్వేలో రాయించి, టౌన్ వెండింగ్ కమిటీ ముందు పెట్టండి. గద్దె పక్కన వాళ్ళకు జాగా చూపండి. ఛాయ్ లేని గద్దె దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు.

6. రాత్రి పదకొండు దాకా అక్కడ లైటు వెలగాలి, పోలీసు గస్తీ తిరగాలి. తాగి కూర్చునేవాళ్ళను లేపండి. దీనికి మా వాడవాళ్ళం మీతో ఉంటాం.

7. ఇక ముందు ఏ చెట్టు కింది గద్దె, ఏ బావి గట్టు, ఏ ఖాళీ జాగా ముట్టుకున్నా, నక్షా అక్కడే బోర్డు మీద అతికించి, వార్డు కమిటీలను కూర్చోబెట్టి అడిగాకే పని మొదలుపెట్టండి. కొత్త లేఅవుట్లలో నూటికి పది వంతులు ఖాళీ జాగా వదలాలన్న నిబంధన ఉంది కదా, మా పట్టణంలో అలా వదిలినవి ఎన్ని, ఎక్కడున్నాయి, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో జాబితా ఆఫీసు గోడ మీద పెట్టండి.

డబ్బులు లేవంటారేమోనని ముందే చెప్తున్నాను. వాడకట్టులో నలుగురు మేస్త్రీలున్నారు, గద్దె కట్టే కూలి మేము పెట్టుకుంటాం. సిమెంటు, ఇటుక మీరు ఇవ్వండి. అదీ ఇవ్వలేమంటే అనుమతి కాగితం ఒక్కటి ఇవ్వండి, మిగతాది మేము చూసుకుంటాం. అనుమతి లేకుండా ఒక్క ఇటుక కూడా పెట్టం. చెట్టు, రోడ్డు మున్సిపాలిటీవి, అది మాకు తెలుసు.

ఈ లేఖతో పాటు వందకు పైగా సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితాలు జతచేస్తున్నాను. వేలిముద్రలు ఎక్కువగా బీడీలు చేసే ఆడవాళ్ళవి. తంబాకు పట్టి బొటనవేళ్ళు నల్లబడి ఉన్నాయి, కొన్ని ముద్రలు సరిగ్గా పడలేదు. అలాంటివాళ్ళ పేర్లు పక్కన నేనే రాశాను. ఎవరైనా విచారణకు వస్తే ఇల్లిల్లూ చూపిస్తాను, ఒక్క ఇల్లు కూడా వెతకనక్కర్లేదు.

ఒక గడువు అడుగుతున్నాం. పెత్రామాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మ, అంటే బతుకమ్మ పండుగ మొదటి రోజు. ఏటా మా వాడ ఆడవాళ్ళు ఆ చెట్టు దగ్గరే బతుకమ్మలు దించి ఆడతారు. ముసలివాళ్ళు గద్దె మీద కూర్చుని చూస్తారు, పాట మరచిపోతే అందిస్తారు. పోయినసారి కంచె చుట్టూ జాగా చాలక, బండ్ల మధ్యలో, ఆగి ఆగి ఆడారు. అవ్వలు ఇళ్ళలోనే ఉండిపోయారు, పాటలు సగంలో ఆగాయి. ఈసారి ఎంగిలిపూల నాటికి గద్దె ఉండాలి.

వచ్చే సోమవారం ప్రజావాణికి ఈ లేఖ కాపీతో వస్తున్నాం. నేనొక్కణ్ణే కాదు, కట్టె పట్టుకొని నడిచే అవ్వలు కూడా వస్తామన్నారు. కలెక్టరేట్‌లో మెట్లు ఎక్కువ, వాళ్ళ కోసం కింద నాలుగు కుర్చీలు వేయించమని మనవి.

ఇట్లు,
వేపచెట్టు చౌరస్తా వాడకట్టు తరఫున,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్

జత: సంతకాలు, వేలిముద్రల కాగితాలు, పాత దరఖాస్తు నకళ్ళు మూడు, కంచె, పాత గద్దె పునాది కొలతలు రాసిన నక్షా ఒకటి.